పిల్లలున్న ఇంట్లో కొలువు బొమ్మలు
చిన్నపిల్లలుంటే కొండపల్లి బొమ్మల్ని పై అరలోనే ఉంచండి. అవి తేలికైన తెల్లపొణికి కర్రవి. చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. గట్టిగా లాగితే ఊడొస్తాయి. తడిగుడ్డ వద్దు, మెత్తటి పొడి బ్రష్ చాలు.

ఆడుకోవడానికి ఏటికొప్పాక లక్కబొమ్మలివ్వండి. సహజ రంగులేనా అని అడిగి కొనండి. అన్నీ నోట్లో పెట్టుకునే వయసుకి మరీ చిన్న లక్కపిడతలు మాత్రం వద్దు.

కొలువు పెట్టినప్పుడు కింది మెట్టు పిల్లలకే వదిలేయండి, పైవాటి జోలికి తక్కువ వస్తారు. పెళ్లికూతురి పక్కన ప్లాస్టిక్ డైనోసార్ నిలబడినా పర్లేదు, నాకైతే అదే ముచ్చట!

దాచే పెట్టెలో కలరా ఉండలు వేయకండి, పిల్లలు బిళ్లలనుకుని మింగేస్తారు. బాగా ఎండిన వేపాకు వేస్తే సరి.