పంజరం దాటి వచ్చిన పెట్టలు: మొదటి నెల జాగ్రత్తలు

బ్యాటరీ కేజ్‌ల (ఫారాల్లో వరుసగా పేర్చిన ఇరుకు పంజరాల) నుంచి తీసేసిన లేయర్ పెట్టల్ని, అంటే గుడ్ల కోసం పెంచిన కోళ్లను ఇంటికి తెచ్చుకోబోతున్నారా? అయితే ముందు గూట్లో వాలుకర్ర, అంటే కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే కర్ర, ఎంత ఎత్తులో ఉందో చూడండి. మామూలు కోళ్ల కోసం కట్టిన ఎత్తులోనే ఉంటే దించేయండి. జానెడు ఎత్తు చాలు. నిజానికి మొదటి వారం ఆ కర్ర కూడా అక్కర్లేదు, నేల మీద పొడి గడ్డో రంపపు పొట్టో మందంగా పరిస్తే సరిపోతుంది.

దీన్ని నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. మొదటిసారి నాలుగు పెట్టల్ని తెచ్చిన రోజు రాత్రి, అవి మూలన ముద్దగా కూర్చున్నాయని జాలేసి, ఒక్కోదాన్నీ ఎత్తి మూడడుగుల కర్ర మీద కూర్చోబెట్టాను. తెల్లారి అన్నీ దూకాయి. మూడింటికి ఏమీ కాలేదు, నాలుగోది లేవలేదు. కాలు విరిగింది. పశువైద్యుడు తడిమి చూసి, రొమ్ము ఎముక కూడా ఎప్పుడో పంజరంలోనే విరిగి వంకరగా అతుక్కుందని చెప్పారు. మూడడుగులంటే కోడికి ఒక లెక్కా అనుకున్నాను. ఈ కోళ్లకు లెక్కే.

కారణం గుడ్డే. ఒక్క పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు గట్టిపడేది ఎక్కువగా రాత్రిపూట, అంటే కోడి దాణా తినని సమయంలో. చాలని కాల్షియాన్ని ఒళ్లు ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టే జాతి, పైగా రెక్క విప్పడానికి కూడా చోటు లేని పంజరం. కదలిక లేని ఎముక బలపడదు. ఏడాదిన్నర వయసులో ఫారం నుంచి తీసేసే నాటికి లోపల ఎముకలు గుల్లబారి ఉంటాయి. పైకి మాత్రం ఈకలు ఊడిన మామూలు పెట్టలాగే కనిపిస్తుంది.

అందుకే తెచ్చుకునే చోట మొహమాటపడకండి. కాళ్లు పట్టి నాలుగైదు కోళ్లను కలిపి తలకిందులుగా వేలాడదీయడం కోళ్లతో పనిచేసేవాళ్లలో చాలామందికి చేతి అలవాటు. తొడ ఎముక, రెక్క విరిగేది అక్కడే. వీలైతే మీరే ఎత్తుకోండి: రెండు అరచేతులతో రెక్కల్ని ఒంటికి ఆనించి పట్టి, పొట్ట కింద చెయ్యి ఆసరా ఇచ్చి, నిటారుగా. గాలాడే పెట్టె తీసుకెళ్లండి. అడుగున వట్టి కాగితం వేయొద్దు, జారి కాళ్లు ఎడంగా చాపుకుపోతాయి. పాత తువ్వాలో గడ్డో వేయండి. ప్రయాణం చల్లటి వేళల్లో పెట్టుకోండి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతోందంటే వేడెక్కిపోయిందని అర్థం.

ఇంటికొచ్చాక మొదటి ఒకటి రెండు రోజులు గూట్లోనే ఉంచి, నీళ్లు, దాణా పెట్టి, తలుపు మూసి వచ్చేయండి. ఇది చెప్పినంత సులువు కాదు. ఇన్నాళ్లు పంజరంలో మగ్గాయి, పాపం, ఎండలో తిరగనిద్దాం అనిపిస్తుంది. కానీ అవి నెత్తిన ఆకాశాన్ని ఎప్పుడూ చూడలేదు, ఆరుబయట తిరగడమే తెలియదు. ఒక్కసారిగా పెరట్లో వదిలితే కొన్ని కొయ్యబారి నిలబడిపోతాయి, కొన్ని కంగారుపడి గోడకు కొట్టుకుంటాయి. మూడో రోజు నుంచి గూటి ముందు చిన్న ఆవరణలో గంటసేపు, తర్వాత పూటంతా. పిల్లల్ని, పెంపుడు కుక్కను, చూడ్డానికొచ్చే చుట్టాలను వారం పది రోజులు దూరంగా ఉంచండి.

నీళ్ల విషయం చాలామందికి తట్టదు. పంజరంలో ఈ కోళ్లు పైపుకున్న నిపుల్‌ను (పొడిస్తే నీటి చుక్కలు వదిలే చిన్న మొనను) ముక్కుతో పొడిచి తాగాయి. గిన్నె నిండా నీళ్లు పెట్టినా అవి నీళ్లని వాటికి తెలియకపోవచ్చు. ప్రతి పెట్ట ముక్కు కొసనూ ఒకసారి మెల్లగా నీళ్లలో తాకించండి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి గానీ, చివరిది కూడా తాగిందని కళ్లారా చూసేదాకా నమ్మకండి. పెట్ట రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది, ఎండాకాలం అంతకు రెట్టింపు.

దాణా మార్చకండి. ఫారంలో తిన్న లేయర్ మాష్‌నే (గుడ్ల కోళ్ల పొడి దాణా) పెట్టండి. పెల్లెట్లకు (గుళికల దాణాకు) మార్చాలనుకుంటే పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ రెండు వారాల్లో మార్చొచ్చు. చాలా కోళ్లకు చిన్నప్పుడే ముక్కు కొస కత్తిరించి ఉంటారు, కాబట్టి నేల మీద చల్లిన గింజను సరిగా ఏరుకోలేవు. కాస్త లోతున్న గిన్నెలో పెట్టాలి. రోజుకు 110 నుంచి 120 గ్రాములు తింటుంది. షెల్ గ్రిట్ (కాల్షియం కోసం పెట్టే ఆల్చిప్పల పలుకులు) వేరే గిన్నెలో పెట్టండి, ఎంత కావాలో కోడే తీసుకుంటుంది, దాణాలో కలిపేయొద్దు.

బలం పట్టాలని వండిన మెతుకులు, రొట్టె, పండ్ల ముక్కలు పెట్టే వాళ్లున్నారు. మొదటి రెండు వారాలు అవేవీ వద్దు. లేయర్ దాణాలో మాంసకృత్తులు, కాల్షియం లెక్కగా కలిపి ఉంటాయి. చిరుతిండితో పొట్ట నింపితే అసలు తిండి తగ్గిపోతుంది. పచ్చగడ్డి కూడా పొట్టిదే మేయనివ్వండి. పొడుగాటి పోచలు మెడ కింది మేత సంచిలో చిక్కుపడి గడ్డకడతాయి. పొద్దున్నే, ఇంకా ఏమీ తినకముందు, ఆ సంచిని తడిమి చూడండి. ఖాళీగా ఉండాలి. గట్టి ముద్దలాగో, పులిసిన వాసనతో నీళ్ల బుడగలాగో ఉంటే మేత కిందికి దిగడం లేదన్నమాట. బూజు పట్టినవి, ఉప్పటివి, చాక్లెట్, అవకాడో, పచ్చి చిక్కుడు గింజలు ఎప్పుడూ పెట్టకూడదు.

సాయంత్రం మరో తంటా. ఫారంలో రోజుకు 16 గంటల దాకా లైటు వెలుగుతుంది. పొద్దువాలితే గూటికి చేరాలని వీటికి ఎవరూ నేర్పలేదు. చీకటి పడేసరికి ఎక్కడున్నవి అక్కడే కూలబడతాయి. రోజూ లెక్కపెట్టుకుని, ఒక్కోదాన్నీ ఎత్తి గూట్లో పెట్టి తలుపు వేయాలి. వారం పది రోజుల్లో అలవాటవుతుంది, మొండివి నెల తీసుకుంటాయి. పారిపోవడం కూడా రాదు కాబట్టి కుక్కకు, పిల్లికి, గద్దకు సులువుగా చిక్కుతాయి. ఆవరణకు పైన కూడా వల ఉండాలి, గూటి జాలీలో వేలు దూరేంత సందు కూడా ఉండకూడదు.

ఈకలు లేని ఒళ్లు చూసి స్వెట్టర్లు అల్లి తొడిగేవాళ్లున్నారు. ఫొటోలు ముద్దుగానే ఉంటాయి. నాకు మాత్రం నచ్చదు. తడిస్తే ఆరదు, లోపల పేలు చేరతాయి, మొలుస్తున్న ఈకలు రాసుకుపోతాయి. కోడి ముక్కుతో ఒళ్లు సవరించుకోవడానికీ వీలుండదు. చలిగాలి నేరుగా కొట్టని పొడి గూడు, మందపాటి పరుపు ఉంటే చలికి అంతకంటే మంచి రక్షణ లేదు. ఎండకైతే నీడ తప్పనిసరి, బోడి చర్మం కమిలిపోతుంది. కొత్త ఈకలు తొడుగుతో, లోపల రక్తంతో మొలుస్తాయి, ముట్టుకుంటే నొప్పి. ఆ రోజుల్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవాలన్న సరదా ఆపుకోండి. రెండు మూడు నెలల్లో ఒళ్లు నిండుతుంది. పాలిపోయి వేలాడే తురాయి కూడా కొన్ని వారాల్లో ఎరుపెక్కుతుంది.

వీటిని నీళ్లతో కడగకండి. ఓ మూల పొడి మట్టి, ఇసుక పోసి ఉంచితే అవే పొర్లుతాయి. మొదటిసారి పొర్లేటప్పుడు కాళ్లు చాపి, మెడ వాల్చి, ఒక కన్ను మూసి పడుకుంటాయి. చచ్చిపోయిందనుకుని నేను పరుగెత్తాను.

పొడుచుకోవడం గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు, రక్తం కనబడనంత వరకే. పెద్దరికం తేల్చుకోవడానికి కొన్ని రోజులు పొడుచుకుంటాయి. దాణా గిన్నెలు, నీళ్లు రెండేసి చోట్ల, ఒకదానికొకటి కనబడకుండా పెడితే బలహీనమైనది ఆకలితో ఉండిపోదు. రక్తం వస్తే మాత్రం ఆ పెట్టను వెంటనే వేరుచేయండి. ఎర్రగా ఏది కనబడినా మిగతావి వదలవు. గుడ్డు పెట్టే ద్వారం బయటికి జారిన పెట్టకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ, చూస్తుండగానే లోపలి పేగుల దాకా లాగేస్తాయి.

మీకు ముందే కోళ్లుంటే, కొత్తవాటిని కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచండి. గిన్నెలు, చెప్పులు కూడా వేరుగా వాడాలి. ముందు పాత కోళ్ల పని ముగించి తర్వాత కొత్తవాటి దగ్గరికెళ్లాలి. ఫారం కోళ్లకు టీకాలు పడి ఉంటాయి, అందుకే కొన్ని రోగాలు ఒంట్లో ఉన్నా పైకి తెలియవు. టీకా లేని మీ పాతవాటికి అంటితే తట్టుకోలేవు. మీవాటికి కొక్కెర తెగులు (రాణిఖేత్) వంటివాటికి టీకాలు వేయించాలా అని పశువైద్యుణ్ని ముందే అడగండి. నాలుగు వారాలయ్యాక జాలీ అడ్డంగా పెట్టి కొన్నాళ్లు ఒకదానికొకటి కనిపించనిచ్చి, ఆ తర్వాతే కలపాలి.

రాత్రి టార్చి వేసి గూటి కర్రల సందులు చూడండి. పగలు దాక్కుని రాత్రి రక్తం పీల్చే సన్నటి ఎర్ర పురుగులు అక్కడే ఉంటాయి. కర్రను తెల్ల గుడ్డతో తుడిస్తే రక్తపు మరకలు కనబడతాయి. కోళ్ల ఒంటి మీది పేలు వేరు, అవి పగలైనా ఈకల మొదళ్లలో కనిపిస్తాయి. నట్టల మందు వైద్యుణ్ని అడిగే వేయండి, మందు వాడాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కూడా అప్పుడే అడగండి.

ఈ కోళ్లను ఎక్కువగా బలి తీసుకునేవి గుడ్డుకు సంబంధించిన జబ్బులే. పెట్ట తోక దించి, నిటారుగా, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతోందా? పొట్ట ఉబ్బి వేడిగా ఉందా? మాటిమాటికీ ముక్కుతోందా? గుడ్డు ఇరుక్కుని ఉండొచ్చు, లేదా లోపలే చితికి చీము పట్టి ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పొట్ట మునిగేలా పావుగంట కూర్చోబెట్టి, తుడిచి, చీకటి పెట్టెలో ఉంచండి. పొట్ట పిసకొద్దు, లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. గంటా రెండు గంటల్లో పెట్టకపోతే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. కోళ్లను చూసే వైద్యుడు ఎక్కడున్నారో పెట్టలు రాకముందే కనుక్కుని పెట్టుకోండి, ఎందుకంటే కుక్కలకు, పిల్లులకు మాత్రమే వైద్యం చేసేవాళ్లూ ఉంటారు.

మొదటి వారాల్లో ఒకటి రెండు ఏ జబ్బూ కనబడకుండానే చనిపోవచ్చు. అది మీ తప్పు కాకపోవచ్చు. కానీ రెండు మూడు ఒకేసారి పోతే ఒట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్య అధికారులకు చెప్పండి. మామూలు రోజుల్లో కూడా కోడిని పట్టుకున్నాక, గుడ్లు ఏరాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పెంకు మెత్తగా, వంకరగా ఉన్న గుడ్లు కొన్నాళ్లు వస్తాయి. పగిలినవాటిని వెంటనే తీసేయండి, రుచి మరిగితే గుడ్లు తినడం మాన్పించలేం. పగటి నిడివి తగ్గే కాలంలో ఈకలు మళ్లీ రాల్చి గుడ్లు పూర్తిగా ఆపేస్తాయి. అప్పుడు గూట్లో బల్బు వేలాడదీస్తే మళ్లీ పెడతాయని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వేయకండి. ఆ ఎముకలు కాస్తయినా కోలుకునేది ఆ రెండు మూడు నెలల్లోనే.