బైపాస్ మీద మూసేసిన జంక్షన్ చరిత్ర తవ్వడం ఎలా

ముందు కంప్యూటర్ జోలికి పోకుండా ఒకసారి అక్కడికి వెళ్ళి చూడండి. పొద్దున్నే అయితే మంచిది, ఎందుకంటే చెరిపేసిన తెల్ల గీతలు మిట్టమధ్యాహ్నం కనపడవు గానీ ఏటవాలు ఎండలో తారు మీద మచ్చల్లా తేలతాయి. డివైడర్‌లో ఒక్క ముక్క మాత్రం రంగు తేడాగా ఉంటే పాత దారి బహుశా అక్కడే. సిగ్నల్ ఉండేదా అని అనుమానమా? పక్కన బోల్టులు పైకి తేలిన కాంక్రీటు దిమ్మ కోసం, తారును దీర్ఘచతురస్రంలా కోసి నల్లటి జిగురు నింపిన గీతల కోసం వెతకండి, బండి వచ్చి ఆగిందని సిగ్నల్‌కి చెప్పే తీగ చుట్ట వాటి కిందే ఉంటుంది. ఫొటో కోసం లేన్‌లోకి మాత్రం దిగొద్దు.

తర్వాత తేదీ. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరుపుతూ, జంక్షన్ తెరిచి ఉన్న చివరి చిత్రం, మూసి ఉన్న మొదటి చిత్రం పట్టుకోండి. స్ట్రీట్ వ్యూలో పాత ఫొటోలు నెల, ఏడాదితో సహా దొరికితే ఆ గ్యాప్ ఇంకా తగ్గుతుంది. ఎవరైనా మార్చగలిగే ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ హిస్టరీ కూడా పనికొస్తుంది, కాకపోతే అందులో కనపడేది ఎవరో మ్యాప్ మార్చిన రోజు, రోడ్డు మూసిన రోజు కాదు. నేను మొదట్లో ఇక్కడే బోల్తా పడ్డాను.

అసలు మజా ఇంకా వెనక్కి వెళ్తేనే. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, వాటిలో జంక్షన్ ఆనవాలు దొరకదు గానీ బైపాస్ ఎప్పుడు వచ్చిందో దాదాపుగా తెలుస్తుంది. 1960ల నాటి కరోనా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలను అమెరికా 1995లో బయటపెట్టింది, మీ ప్రాంతానివి దొరికితే వదలకండి. చాలాసార్లు ఆ అడ్డరోడ్డు బైపాస్ కంటే పాతదని తేలుతుంది, అంటే ఆ రోడ్డొచ్చి బైపాస్‌ను కలవలేదు, పాత దారిని బైపాసే కోసుకుంటూ పోయింది.

ఎందుకు మూశారన్నదే కష్టం. ఎవర్నడిగినా "పెద్ద యాక్సిడెంట్ అయింది, మూసేశారు" అంటారు. నిజమే కావచ్చు, కానీ మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్లు ఒకదానికొకటి అడ్డొచ్చే చోట్లు 32 ఉంటాయి, చుట్టూ ఇళ్ళు పెరిగేకొద్దీ ఆ లెక్క భరించలేక ముందు సిగ్నల్, తర్వాత మలుపు నిషేధం, తర్వాత తాత్కాలిక బారికేడ్లు, ఇలా మెట్లుమెట్లుగా మూస్తుంటారు. అందుకే మీకు దొరికిన ఆ గ్యాప్‌లోని స్థానిక పేపర్లు, రోడ్ల శాఖ టెండర్లే కాదు, దానికి రెండు మూడేళ్ళ ముందువి కూడా తిరగేయండి.