ఎ.ఎఫ్. గైడ్‌లైన్లు పోల్చి చదవడం – 3వ పాఠం: ఒకే పేషెంటు, మూడు జవాబులు

కిందటి పాఠంలో ఎ.ఎఫ్. (ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉన్నవాళ్లకు స్ట్రోక్ (పక్షవాతం) రిస్కు స్కోరు వేయడం చూశాం. ఇప్పుడు అదే స్కోరుతో రక్తం పలచబడే మందు ఎవరికి మొదలుపెట్టాలో మూడు చోట్ల వెతుకుదాం: ఐరోపా గుండె వైద్యుల సంఘం ఈఎస్‌సీ (2024), అమెరికా గుండె సంఘాలు ఏసీసీ–ఏహెచ్ఏ (2023), బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ (2021).

స్కోరు కన్నా ముందు ఎకో (గుండె స్కాన్) రిపోర్టు తీయండి. మైట్రల్ స్టెనోసిస్ (గుండెలోని మైట్రల్ వాల్వు ఇరుకవడం) ఒక మోస్తరుగా ఉన్నా, తీవ్రంగా ఉన్నా, లేదా మెకానికల్ వాల్వు ఉన్నా స్కోరుతో పనే లేదు, వార్ఫరిన్ (రక్తం పలచబడే పాత మందు) ఇవ్వాల్సిందే. వాల్వులను పాడుచేసే రుమాటిక్ గుండెజబ్బు ఇంకా కనబడుతున్న మన దగ్గర ఈ మెట్టు దాటేయడం ప్రమాదం. 2022లో వచ్చిన ఇన్‌విక్టస్ ట్రయల్‌లో రుమాటిక్ ఎ.ఎఫ్. ఉన్నవాళ్లలో వార్ఫరిన్ తరహా మందుల వైపు కన్నా కొత్త తరహా మందు రివరోక్సాబాన్ వైపే మరణాలు ఎక్కువ.

ఇక కేసు. 62 ఏళ్ల ఆవిడ. బీపీ ఉంది. షుగరు, హార్ట్ ఫెయిల్యూర్, పక్షవాతం, రక్తనాళాల జబ్బు ఏవీ లేవు. వాల్వులు బాగున్నాయి. నోట్సులో నాలుగు గడులు గీసుకోండి: స్కోరు పేరు, అంకె, వాడిన క్రియ, సిఫారసు బలం.

నైస్‌లో చాడ్స్-వాస్క్ అనే స్ట్రోక్ రిస్కు స్కోరు: బీపీకి 1, స్త్రీ అయినందుకు 1, మొత్తం 2. రక్తస్రావం ముప్పు చూసుకుని మందు ‘ఇవ్వజూపండి’ అంటుంది. నైస్ క్లాసులు (సిఫారసు బలం చెప్పే మెట్లు, 1 అన్నిటికన్నా గట్టిది) రాయదు, బలమంతా క్రియలోనే ఉంటుంది. ‘ఇవ్వజూపండి’ గట్టి మాట, ‘ఆలోచించండి’ మెత్తని మాట. చాలామంది ఈ తేడా గమనించకుండా అంకె ఒక్కటే రాసుకుంటారు.

అమెరికా లెక్కలోనూ ఆవిడకు 2 వస్తుంది. కానీ స్త్రీకి 3 వస్తేనే క్లాస్ 1. 2కి క్లాస్ 2ఎ, అంటే ‘ఇవ్వడం సబబే’.

ఈఎస్‌సీ స్త్రీ పాయింటు తీసేసి చాడ్స్-వా వాడుతోంది. ఆవిడకు 1, అదీ క్లాస్ 2ఎ.

చూశారా, అంకెలు వేరైన ఐరోపా, అమెరికా ఒకే మాట చెబుతున్నాయి. అంకె ఒకటే అయిన అమెరికా, నైస్ విడిపోయాయి.

రక్తస్రావం గడి కూడా చేర్చండి. నైస్ రక్తస్రావం ముప్పు లెక్కించే ఆర్బిట్ స్కోరు వాడమంటుంది. ఈఎస్‌సీ మాత్రం మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది అలాంటి స్కోర్లు చూసి తేల్చవద్దంటుంది. అదుపులో లేని బీపీ, అక్కర్లేని ఆస్పిరిన్ లాంటివి సరిచేయమని రెండూ చెబుతాయి.

అభ్యాసం: అదే వయసు, అదే బీపీ, పేషెంటు మాత్రం మగవాడు. మూడు వరసలూ మళ్లీ నింపి, విభేదం ఎక్కడికి పోయిందో రాయండి. జవాబు 4వ పాఠంలో.