షవర్ రంధ్రాలు పూడుకుపోతే నిమ్మ ఉప్పు

మా అపార్ట్‌మెంట్‌లో కుళాయికి వచ్చే మంజీరా నది నీళ్లు వంటింటికే సరిపోతాయి. స్నానాల గదిలో వచ్చేది బోరు నీరే. ఆరు నెలలు తిరిగేసరికి షవర్ రంధ్రాలు తెల్లటి గారతో మూసుకుపోయి, నీళ్లు నెత్తి మీద తప్ప గోడల మీదంతా పడుతుంటాయి. రెండుసార్లు కొత్త షవర్ కొన్నాక ఈసారి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ తెచ్చాను.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు టీస్పూన్ల నిమ్మ ఉప్పు కరిగించి, గట్టి పాలిథిన్ సంచిలో పోయాలి. రంధ్రాలన్నీ మునిగేలా సంచిని షవర్‌కు తొడిగి, పైన రబ్బరు బ్యాండుతో బిగించాలి. షవర్ విప్పాల్సిన పని లేదు. కాసేపటికి సన్నటి బుడగలు లేస్తాయి, గార కరుగుతోందన్నమాట. గంట తర్వాత సంచి తీసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, రెండు నిమిషాలు నీళ్లు వదలాలి. మొండి రంధ్రాలకు గుండుసూది ఉండనే ఉంది. కుళాయి చివరి జాలీనైతే విప్పి ఆ నీళ్లలోనే వేస్తే చాలు.

కింద పాలరాయి ఉంటే బకెట్ పెట్టుకోండి, ఈ నీళ్లు పడితే దాని మెరుపు పోతుంది. బంగారు రంగు పూత ఉన్న షవర్లకు ఇది వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, అదే సమయంలో బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ ఉన్న ద్రావణం గానీ వాడకూడదు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. ఇంత చేసినా ధార సన్నగానే ఉంటే లోపం షవర్‌లో కాక పైపులో ఉండొచ్చు, అక్కడ గార పేరుకుని ఉండొచ్చు. అప్పుడు ప్లంబర్‌ను పిలవాల్సిందే.