వైన్లు పోల్చేటప్పుడు ఒక్క తేడానే ఉంచండి

ప్రాంతమూ, ద్రాక్ష కోసిన సంవత్సరమూ రెండూ వేరైన వైన్లను పక్కపక్కన పెడితే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. ఒకే తయారీదారు ఒకే తోట ద్రాక్షతో చేసినవి, సంవత్సరం మాత్రమే మారినవి తీసుకోండి. ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతం బోర్డోలో 2003 మండే ఎండల ఏడాది, 2013 చలీ వానల ఏడాది. మొదటిదాంట్లో సాధారణంగా బాగా మగ్గిన పండు రుచి, రెండోదాంట్లో పులుపు, పలచదనం ఇట్టే తెలుస్తాయి. సీసాలకు మాత్రం తప్పకుండా కాగితం చుట్టండి, లేబుల్ చూస్తే అభిప్రాయం ముందే ఏర్పడిపోతుంది. గ్లాసును తెల్లకాగితం మీద వంచి అంచు గమనించండి: పాతబడే కొద్దీ రెడ్ వైన్ అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. వాసన ముందు కదపకుండా, తర్వాత గిరగిరా తిప్పి చూడండి. రకాలు ఎక్కువైతే రుచి చూసి ఉమ్మేయండి, మొహమాటం వద్దు. అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి. మరీ చల్లబడిన రెడ్ వైన్ ఉన్నదానికంటే వగరుగా అనిపిస్తుంది.