పాత బుల్లెట్‌లో ఆయిల్ వేడి: ముందు మీటరును పరీక్షించండి, తర్వాత ఇంజన్‌ను

పాత బండికి ఆయిల్ టెంపరేచర్ మీటర్ బిగించుకోవడం మంచి పని. కానీ చాలామంది బిగించిన మరుసటి రోజు నుంచి అంకె చూసి కంగారు పడతారు, లేదంటే అంకె చూసి నిశ్చింతగా ఉంటారు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదమని నా అనుభవం. నా దగ్గర ఉన్నది క్యాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350. ఇక్కడ రాసేది ముఖ్యంగా దాని గురించే అయినా, గాలితో చల్లబడే ఏ పాత బండికైనా చాలావరకు వర్తిస్తుంది.

మామూలు పరుగులో ఇలాంటి ఇంజన్ల ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. మే నెల ఎండలో, ఘాట్ ఎక్కుతున్నప్పుడు 120 దాటవచ్చు. 130 దాటి దిగకుండా నిలబడితే బండి పక్కకు ఆపాలి.

సమస్య: ఇంజన్ కాలిపోతున్నట్టుంది, మీటరు మాత్రం తక్కువ చూపిస్తోంది

ఒక వేసవిలో అరకు వెళుతూ అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాను. మీటరు 90 దగ్గర ఉంది. ఇంజన్ లోపల గింజలు రాలుతున్నట్టు టిక్ టిక్ శబ్దం, కాళ్ళకు సెగ. అంకెను నమ్మి మరో నాలుగు మలుపులు తిరిగాను. అది తప్పు. ఇంటికి వచ్చి, ఆయిల్ వేడిని మీటరుకు చెప్పే సెన్సర్ విప్పితే, దాని మరల (థ్రెడ్ల) చుట్టూ తెల్లటి టేపు, వాషర్ మీద పచ్చటి చిలుము.

ఒకే వైరు ఉండే సెన్సర్‌కు ఇంజనే ఎర్త్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి. వేడి పెరిగేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, దాన్ని బట్టే మీటరు ఎక్కువ చూపిస్తుంది. టేపు, తుప్పు, చిలుము ఎర్త్‌కు అడ్డుపడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. మీటరు అసలు వేడికన్నా తక్కువ చూపిస్తుంది. అంటే సముద్రపు ఉప్పుగాలి మన మీటర్ల చేత అబద్ధం చెప్పించేది ధైర్యం చెప్పే వైపుకే. మా విశాఖలో బీచ్ రోడ్డు పక్కన, పెదవాల్తేరులో, భీమిలిలో బండి ఆరుబయట పెట్టేవాళ్ళు దీన్ని మరవకూడదు.

పరిష్కారం: టేపు తీసేసి మరలు వైరు బ్రష్‌తో శుభ్రం చేయండి. కొత్త రాగి వాషర్ వేయండి, ఆయిల్ కారకుండా అదే ఆపుతుంది. వైరు కొనను గీకి బిగించి, పైన కాస్త గ్రీజు పూయండి. ఎర్త్ శుభ్రం చేశాక అదే ఘాట్‌లో నా మీటరు 125 చూపించింది.

సెన్సర్ సరైనదో కాదో తెలుసుకోవడానికి మరిగే నీళ్ళు చాలు. సెన్సర్‌ను విప్పి, దాని లోహానికి విడిగా ఒక ఎర్త్ వైరు కలిపి, గిన్నెకు తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. విశాఖ సముద్రమట్టానికి దగ్గరగా ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇదే పరీక్ష అరకులో చేస్తే 97 దగ్గరే మరుగుతాయి. మీటరు ఎంత తేడా చూపిస్తోందో పుస్తకంలో రాసుకోండి.

సమస్య: బండి తాళం తిప్పి ఆన్ చేయగానే ముల్లు చివరిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోతోంది

సెన్సర్ వైరు ఎక్కడో ఒరుసుకుపోయి ఇంజన్‌కో ఫ్రేముకో తగులుతోంది. సెన్సర్ దగ్గర వైరు ఊడదీసినా ముల్లు దిగకపోతే, లోపం వైరులోనే. సైలెన్సర్ పక్క నుంచి వైరు లాగి ఉంటే ముందు అక్కడ చూడండి.

సమస్య: ట్రాఫిక్‌లో పెరుగుతోంది, రోడ్డెక్కాక దిగుతోంది

ఇది జబ్బు కాదు. ఎన్.ఏ.డి. జంక్షన్‌లో, గాజువాకలో బండి నిలబడితే ఇంజన్‌ను చల్లబరిచే రెక్కల (ఫిన్ల) మధ్య గాలి ఆడదు. సిగ్నల్ దగ్గర నిమిషం దాటేలా ఉంటే ఇంజన్ ఆపేయండి. ఉక్కపోత వల్ల ఇంజన్ వేడెక్కుతోందని కొందరంటారు. చెమట ఆరకపోవడం మన శరీరాల ఇబ్బంది. ఇంజన్‌కు కావలసింది కదిలే గాలి.

సమస్య: ఖాళీ రోడ్డు మీద కూడా 125 నుంచి దిగడం లేదు

మీటరు నిజమే చెబుతోందని తేలాకే ఇక్కడికి రండి. చాలామంది వెంటనే ఆయిల్ కూలర్ కొంటారు. నేను ఒప్పుకోను. వేడి ఎందుకు పుడుతోందో కనిపెట్టకుండా కూలర్ బిగిస్తే అసలు లోపం దాని వెనక దాక్కుంటుంది.

మొదట పాయింట్లు, అంటే నిప్పురవ్వ ఎప్పుడు రావాలో తేల్చే స్విచ్, చూడండి. పాయింట్ల మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పురవ్వ ఆలస్యమవుతుంది, మంట ఎగ్జాస్ట్ వైపు పోతూ హెడ్‌ను కాలుస్తుంది. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంచి, ఆ తర్వాత టైమింగ్ సరిచూడండి. నేను చూసిన వేడి బుల్లెట్లలో ఎక్కువ వాటికి మందు ఇదే.

తర్వాత ప్లగ్. కాఫీ రంగులో ఉంటే మంచిది. సున్నంలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతోంది. కార్బొరేటర్‌కూ హెడ్‌కూ మధ్య అతుకు దగ్గర ఇంజన్ తిరుగుతుండగా కొంచెం నీళ్ళు చిమ్మండి. శబ్దం మారితే అక్కడ గాలి పీలుస్తోంది, ప్యాకింగ్ మార్చండి. సైలెన్సరో ఎయిర్ ఫిల్టరో మార్చి, కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచే జెట్ మార్చకపోయినా ఇదే జరుగుతుంది.

మూడోది ఆయిల్ మట్టం. ఈ ఇంజన్‌లో ఆయిల్ వేరే అరలో ఉంటుంది, ఒక పంపు ఇంజన్‌కు పంపితే ఇంకొకటి వెనక్కి తెస్తుంది. బండి వారాల తరబడి నిలబడితే ఆయిల్ మెల్లగా కింద క్రాంక్ వైపు జారుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ తక్కువ చూపిస్తుంది, మనం ఇంకా పోస్తాం. ఎక్కువైన ఆయిల్ పొగ పెడుతుంది, వేడి పెంచుతుంది. కొన్ని నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, అప్పుడు కొలవండి. నేను 20డబ్ల్యు50 గ్రేడు ఆయిల్ వాడుతూ, 2000 కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాను.

ఫిన్ల మధ్య మట్టి, పట్టేసిన డ్రమ్ బ్రేకు కూడా చూడండి. స్టాండు మీద నిలిపి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది.

సమస్య: ఆయిల్ 60 దాటడం లేదు, మూత కింద టీ నురగలాంటిది కనిపిస్తోంది

ఎం.వి.పి. కాలనీ నుంచి మద్దిలపాలెం దాకా వెళ్ళి వచ్చే బండికి ఇది వస్తుంది. ఇంజన్ చల్లబడినప్పుడు గాలిలోని తేమ లోపల నీరుగా మారుతుంది. ఆయిల్ సరిగా వేడెక్కకపోతే ఆ నీరు ఆవిరై పోదు, ఆయిల్‌తో కలిసి నురగ కడుతుంది, బేరింగులను తినేస్తుంది. వారానికి ఒకసారి ఋషికొండ మీదుగా భీమిలి దాకా, ఆయిల్ 90 దాటి కొంతసేపు నిలిచేలా నడపండి.

ఇలా రెండు మూడు వారాలు నడిపినా నురగ పోకపోతే బ్రీదర్ పైపు విప్పి చూడండి. ఈ ఇంజన్‌లో రేడియేటర్ లేదు, కాబట్టి అక్కడి నీరు కారి కలిసే అవకాశం లేదు. బ్రీదర్ మూసుకుపోయి ఆవిరికి దారి లేకపోవచ్చు, లేదా బండి కడిగేటప్పుడు నీళ్ళు లోపలికి పోతుండవచ్చు. పైపు శుభ్రం చేసి, ఆయిల్ మార్చి, మళ్ళీ ఒకసారి భీమిలి దాకా నడిపి మూత విప్పండి.