నిద్రను తిరిగి తెచ్చుకున్నాను, కాఫీని వదలకుండానే

మా ఇంట్లో కాఫీ అంటే ఇత్తడి ఫిల్టరులో రాత్రే దిగిన డికాక్షన్. తెల్లవారుజామున అమ్మ పాలు పొంగించి కలిపేది. పదో తరగతి పరీక్షలప్పుడు నాకూ అర గ్లాసు దొరికింది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ వంటింటి గుమ్మమే కళ్ల ముందు నిలుస్తుంది.

ఉద్యోగంలో చేరాక రోజుకు 6 కప్పులయ్యాయి. చివరిది రాత్రి ఏడింటికి. ఒంటిగంట దాటినా కన్ను మూతపడేది కాదు. పని ఒత్తిడి అనుకుని రెండేళ్లు గడిపేశాను. ఒక సోమవారం కాఫీ పూర్తిగా మానేశాను. మరునాడు కణతలు పగిలిపోతాయేమో అన్నంత తలనొప్పి. మూడో రోజు మళ్లీ మొదలుపెట్టాను.

అప్పుడు విషయం చదివి తెలుసుకున్నాను. కాఫీలో నిద్రను ఆపే పదార్థం కెఫీన్; అది ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. అంటే ఏడింటి కప్పులో సగం అర్ధరాత్రికీ నాలోనే ఉంది! హఠాత్తుగా మానితే తలనొప్పి రావడమూ మామూలేనట.

ఈసారి సాయంత్రపు కప్పుతో మొదలుపెట్టి, వారానికి ఒకటి చొప్పున తగ్గించాను. నాలుగింటి కప్పు దగ్గరే చాలా కష్టమైంది, అది స్నేహితుల కబుర్లతో ముడిపడినది. టీలోనూ కెఫీన్ ఉంటుంది కాబట్టి మజ్జిగ పట్టుకుని వాళ్ల మధ్య కూర్చున్నాను. పొడి కూడా మార్చాను: 70 పాళ్లు కాఫీ, 30 పాళ్లు చికోరీ అనే వేయించిన వేరు పొడి. చికోరీలో కెఫీన్ ఉండదు, డికాక్షన్ మాత్రం చిక్కగా దిగుతుంది.

ఇప్పుడు రెండే కప్పులు, రెండోది మధ్యాహ్నం పన్నెండు లోపే. పదకొండింటికల్లా నిద్ర పడుతోంది. ఫిల్టరు అమ్మదే.